పాటకి పలికిన కార్డు మాటకి పలకలేదు

రెండు వేల ఇరవై నాలుగు, మిరపకాయల సీజను. దర్శిలో బస్టాండు వెనక రోడ్డులో మాది మైక్ సెట్ షాపు. మా ఆయన పోయాక షాపు ఎత్తేస్తానని అందరూ అనుకున్నారు. నేను ఎత్తేయలేదు. పెళ్లిళ్లకి, తిరునాళ్లకి, పీర్ల పండక్కి, సంస్మరణ సభలకి బాక్సులు, ఆంప్లిఫైయర్లు అద్దెకిస్తాను. కౌంటర్ మీద వైర్లు, ఇయర్‌ఫోన్లు, సౌండ్ కార్డులు అమ్ముతాను. ఇన్నేళ్లుగా మైకులో “హలో, హలో” అని అరిచీ అరిచీ నా గొంతు బొంగురుపోయింది. చదువు పెద్దగా లేదు. పేరు రాస్తాను, డబ్బాల మీద అంకెలు గుర్తుపడతాను, అంతే. ఇది కూడా నేను నోటితో చెబుతుంటే వేరేవాళ్లు టైపు చేస్తున్నారు.

సామాను మంచిదో కాదో నేను చెవితోనే తెలుసుకుంటాను. ఆ చెవి మీద నాకు చాలా నమ్మకం. ఆ నమ్మకమే ఒక పిల్ల ఉద్యోగాన్ని తీసేయబోయింది. ఆ సంగతే చెబుతాను.

సౌండ్ కార్డంటే, కంప్యూటర్‌లో ఉన్న శబ్దాన్ని మన చెవికి వినపడేలా చేసి ఇయర్‌ఫోన్‌కో ఆంప్లిఫైయర్‌కో పంపించే సామాను. ప్రతి కంప్యూటర్‌లోనూ లోపల ఒకటి ఉంటుంది. అది చెడితే బయటి నుంచి యూఎస్‌బీకి తగిలించుకునేది కొనుక్కోవచ్చు. ఎక్స్‌టర్నల్ సౌండ్ కార్డు అనేది దాన్నే. అగ్గిపెట్టెంతవీ ఉంటాయి, ఇటుకరాయంతవీ ఉంటాయి.

ఒక శనివారం పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే మస్తాన్‌బీ వచ్చింది. దర్శికి దగ్గర్లోనే వాళ్ల ఊరు. ఆమె భర్తకి దూది ఏకే మిషను ఉంది, పరుపులు కుడతారు. మేం లారీలో బాక్సుల కింద వేసే బొంతలు వాళ్లు కుట్టినవే. వెనకే వాళ్ల అమ్మాయి నసీమా, లాప్‌టాప్‌ని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడింది. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ దాకా చదువుకుంది.

“చెల్లీ, పిల్ల కంప్యూటర్ మూగబోయింది. ఏదన్నా చెయ్యి,” అంది మస్తాన్‌బీ.

“ఏమైంది?”

“మేక వైరు తొక్కింది.”

“మేక్కాదు పిన్నీ, మా నాన్న,” అంది నసీమా. “ఆయన్ని తిట్టలేక మేకని తిడుతోంది.”

ముగ్గురం నవ్వాం. నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఇయర్‌ఫోన్ పిన్ను విరిగి లాప్‌టాప్ రంధ్రంలోనే ఉండిపోయింది. ముక్క లోపల ఉన్నంతసేపూ ఇయర్‌ఫోన్ ఉందనే కంప్యూటర్ అనుకుంటుంది, తన స్పీకరు కట్టేసుకుంటుంది. సన్నటి పట్టకారుతో చాలాసేపు ప్రయత్నించాను. ముక్క ఇంకా లోపలికి పోయింది. బోర్డు విప్పాలి, ఒంగోలు పంపాలి, వారమన్నా పడుతుందన్నాను.

నసీమా ముఖం పాలిపోయింది. “సోమవారం నాకు పని ఉంది పిన్నీ.”

అప్పుడు చెప్పింది. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టు ఉంది. సీజన్లో రైతులు పొద్దస్తమానం ఫోన్లు చేస్తుంటారు. తేజ రకం ధర ఎంత, బాడిగ రకం ధర ఎంత, ఇవాళ బస్తాలు తోలమంటారా, మిర్చి యార్డుకి సెలవుందా అని. ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా పెడతారు. ఇంట్లో కూర్చుని వాటిని చూసి ఫోన్లో జవాబు చెప్పే మనిషి వాళ్లకి కావాలి. నసీమా అడిగింది. సోమవారం ఒక్కరోజు ఫోన్లు నీకు మళ్లిస్తాం, సాయంత్రం దాకా చూస్తాం అన్నారట.

“బాగా చేస్తే ఉద్యోగం. లేకపోతే చూపున్నవాళ్లని పెట్టుకుంటారు,” అంది. “కొట్టాయన ముందే చెప్పాడు. నీ మీద నమ్మకం లేక కాదమ్మా, రైతులు ఆగరు, ఒక్క క్షణం తడుముకున్నా పెట్టేసి పక్క కొట్టుకి చేస్తారు అని.”

చూపులేని పిల్ల గళ్లు ఎలా చూస్తుందని నేను అడగలేదు. ఆమె పని చేస్తుంటే ఒకసారి చూశాను. స్క్రీన్ రీడర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి చెబుతుంది. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ పోతే ఏ గడిలో ఉందో, అందులో ఏముందో పలుకుతుంది. ఒక చెవికి ఆ గొంతు, రెండో చెవికి ఫోను. అలా చేసుకుంటుంది. ఆ గొంతు ఆగిపోతే ఆమెకి ఎదురుగా కంప్యూటర్ లేనట్టే.

“ఏం భయం లేదు. బయటి కార్డు తగిలిద్దాం,” అన్నాను.

ముందు మా కౌంటర్‌లో అందరి చూపూ పడే కార్డు తీశాను. రంగురంగుల లైట్లు, పైన నున్నటి గాజు. నసీమా దాని చుట్టూ వేళ్లతో తడిమింది. “తిప్పేది లేదా పిన్నీ దీనికి?”

“అక్కర్లేదే. గాజు మీద వేలితో ఇలా రాస్తే సౌండు పెరుగుతుంది.”

“వేలు యాడ పెట్టాలో కనపడాలిగా!”

దాని సెట్టింగుల సాఫ్ట్‌వేర్ కూడా వేసి చూశాం. అందులో బొమ్మలే తప్ప అక్షరాలు లేవు. స్క్రీన్ రీడర్ “బటన్, బటన్, బటన్” అంటుంది, ఏ బటనో చెప్పదు. ఆ డబ్బా మూసేశాను.

రెండోది చిన్నది, ఇనుపది. గుండ్రంగా తిప్పే నాబు ఉంది. తగిలించగానే ఏ సాఫ్ట్‌వేరూ అడక్కుండా గొంతు పలికింది. మస్తాన్‌బీ “అల్లా!” అని గుండె మీద చెయ్యేసుకుంది. నేను మా వృత్తిలో అందరూ చేసే పరీక్షే చేశాను. పాట పెట్టి, సౌండు చివరికంటా తిప్పి, పాట ఆపి, చెవి పెట్టి విన్నాను. మైక్ సెట్ వాళ్లకి పాట ఆగినప్పుడు ‘సీ’ మనే శబ్దం రాకూడదు, గుయ్యిమనే హమ్ము రాకూడదు. వస్తే పందిట్లో పరువు పోతుంది. ఈ కార్డులో ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

“ఇదీ కార్డంటే! తీసుకుపో,” అన్నాను.

ఆదివారం భోజనం వేళకి ఫోను వచ్చింది.

“పిన్నీ, కార్డు నన్ను మోసం చేస్తోంది,” అంది నసీమా. “అమ్మని రైతులా మాట్లాడమని ప్రాక్టీసు చేస్తన్నా. పొడుగు మాటలైతే వినపడుతున్నాయి. గడిలో ఒక్క ముక్కే ఉంటే అసలు రావట్లేదు. నొక్కుతున్నా, ఏమీ లేదు. మళ్లీ నొక్కితే పక్క గడికి పోతోంది. నేనెక్కడున్నానో నాకే తెలీట్లేదు.”

“పాట పెట్టి చూడు.”

“పాట బాగానే వస్తోంది.”

“మరి కార్డు మంచిదేగా! కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది. ఆపి మళ్లీ వెయ్యి.”

“నాలుగుసార్లు వేశా. నాన్నేమో కంగారులో నీకే అలా అనిపిస్తోంది అంటన్నాడు. నాకే కంగారా పిన్నీ? నిజం చెప్పు.”

ఆదివారం, ఒంగోల్లో కంప్యూటర్ షాపులు కూడా మూసే ఉంటాయి. రేపు పొద్దున ఫోన్లు మొదలవుతాయి. నేనిచ్చిన సామాను, నేను బాగుందని చెప్పిన సామాను. అన్నం సగంలో వదిలేసి ఆటో ఎక్కాను.

వాళ్ల ఇంట్లో ముందు గదిలో దూది మిషను, వెనక గదిలో నసీమా బల్ల. గాలిలో దూది ఎగురుతూనే ఉంటుంది. నేను పక్కన కూర్చుని ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకున్నాను. నొక్కమన్నాను. వరసగా నొక్కుతూ పోయింది. గొంతు చక్కగా పలుకుతోంది. ఒక్క ముక్క మాటలు కూడా వినపడుతున్నాయి.

“బాగానే ఉందిగా,” అన్నాను.

“ఇందాక లేదు పిన్నీ! ఒట్టు!”

“నువ్వొచ్చావని సిగ్గుపడుతోందేమో,” అంది గుమ్మంలో నుంచి మస్తాన్‌బీ. ఎవరం నవ్వలేదు. నసీమా తల కిందికి దించుకుంది. తన మాట తనకే నమ్మకం లేనట్టు కూర్చుంది. చూపున్న నేను బాగుందంటే, అబద్ధమాడింది ఆ పిల్లేనని తేలుతుంది గదా.

మస్తాన్‌బీ టీ తెచ్చింది. తాగుతూ కాసేపు ఎవరం మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి నసీమా ఊరికే ఒక కీ నొక్కింది.

ఏమీ రాలేదు. మాట రాలేదుగానీ, చెవిలో చిన్నగా ‘టక్’ మంది.

“ఆగు,” అన్నాను. “ఏమీ నొక్కొద్దు. చేతులు ఒళ్లో పెట్టుకో.”

కాసేపు ఊరుకున్నాం. “ఇప్పుడు నొక్కు.” మళ్లీ ‘టక్’. మాట లేదు. వెంటనే ఇంకోటి నొక్కమంటే పలికింది. అప్పుడు తెలిసింది. ఈ కార్డు శబ్దం లేనప్పుడు నిద్రపోతోంది. మళ్లీ శబ్దం వస్తే లేస్తుంది, లేచేలోగా మొదటి మాటని మింగేస్తుంది. పొడుగు మాటైతే తల పోయినా మొండెం మిగులుతుంది. చిన్న మాటైతే మొత్తం పోతుంది. పాటకి మధ్యలో ఖాళీ ఉండదు, అందుకే పాటలో తెలియదు. నేను మెచ్చుకున్న ఆ నిశ్శబ్దం మంచితనం కాదు, నిద్ర.

“నిద్రపోకుండా చేసే సెట్టింగు స్క్రీన్ రీడర్లో ఉంటుంది పిన్నీ, ఇప్పుడే పెట్టి చూశా,” అంది నసీమా. “అది చెవికి వినపడని ఖాళీ శబ్దం పంపుతుంది. ఈ కార్డు ఖాళీయేగా అని దానిక్కూడా పడుకుంటోంది.”

“రైతులు గబగబా అడుగుతారేమోలే,” అంది మస్తాన్‌బీ ఆశగా.

“మన రైతులా!” అన్నాను. “ధర అడగబోయి బోరు ఎండిన సంగతి, తాలుకాయల సంగతి, తోడల్లుడి సంగతి చెప్పి, అప్పుడు ధర అడుగుతారు. అంతసేపట్లో ఇది కూడా గురకపెడుతుంది.”

ఇక షాపులో ఏముందా అని ఆలోచించాను. కొత్తవన్నీ ఈ బాపతువే. అప్పుడు మా ఆయన పాత రేకుపెట్టె గుర్తొచ్చింది. అందులో ఒక కార్డు ఉంది, ఇటుకరాయంత బరువు, పెద్ద పెద్ద నాబులు. లాప్‌టాప్ నుంచి ఆంప్లిఫైయర్‌కి పాటలివ్వడానికి వాడేవాడు. ‘సీ’ మంటోందని నేనే గోలచేసి పక్కన పెట్టించాను. మళ్లీ దర్శి వెళ్లి, దాన్ని తీసుకుని, పొద్దుగూకకముందే తిరిగొచ్చాను.

తగిలించాం. చెవిలో సన్నగా ‘సీ’ మని మొదలైంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ పారేయాల్సిన సామాను కిందే లెక్క ఇలాంటిది. నసీమా మాత్రం కదలకుండా వింటోంది. చాలాసేపు ఊరుకుని ఒక కీ నొక్కింది. మాట మొదటి అక్షరం నుంచి పలికింది. మళ్లీ ఊరుకుంది, మళ్లీ నొక్కింది. పలికింది.

“ఇది మేలుకునే ఉంది పిన్నీ,” అంది.

“ఆ ‘సీ’ మనేది నీకు చిరాగ్గా లేదూ?”

“చిరాకెందుకు? అది వినపడినంతసేపూ లైను బతికున్నట్టు.”

మా ఆయన ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, ఊపిరి వినపడుతోందా లేదా అని చెవి ఒగ్గి ఉండేదాన్ని. గురక పెడితే ప్రాణం కుదుటపడేది.

కానీ ఆ కార్డుకి ఒక రోగం ఉంది. వైరు గుచ్చే చోటు లూజు. కొంచెం కదిలితే ఊడుతుంది. ఊడితే గొంతు పోతుంది. టేపు చుట్టాను, చాల్లేదు. మస్తాన్‌బీ భర్త కాశిం ముందు గదిలో నుంచి ఏకిన దూది గుప్పెడు తెచ్చి కార్డు కింద మెత్తలా పెట్టాడు. “రేపు మిషను వెయ్యను. నేలదురుతుంది,” అన్నాడు. “మేకని కూడా కట్టేస్తా,” అన్నాడు. పెళ్లాం వైపు చూడలేదు.

సోమవారం పొద్దున్నే వెళ్లి నసీమా పక్కన కూర్చున్నాను. పాత సామాను, లూజు వైరు, అరువు ధైర్యం. ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, దాని జత నా చెవిలో. ఫోను స్పీకర్లో పెట్టకుండా రెండో చెవికి ఆనించుకుంది. నా అరచేతుల్లో చెమట. మస్తాన్‌బీ గుమ్మంలో కూర్చుని పెదాలు కదుపుతోంది.

మొదటి ఫోన్లు తిన్నగా సాగాయి. తేజ ధర, మూడు నలభై ఒకటి రకం ధర, యార్డు ఎప్పుడు తీస్తారు. నసీమా వేళ్లు కదులుతున్నాయి, గొంతు పలుకుతోంది, ఆమె చెబుతోంది. నేను వైరుని చూస్తూ కూర్చున్నాను. చూపున్నందుకు నేను చేయగలిగింది అదొక్కటే.

తర్వాత ఒకాయన చేశాడు. పెద్ద గొంతు, ఫోను ఆమె చెవి దగ్గరున్నా నాకు వినపడుతోంది.

“ఏమ్మా, కొత్త పిల్లవా? పాతాయన యాడికి పోయాడు? సర్లే, చూడూ, మా కాయ మొన్న వానకి కొంచెం తడిసింది. కొంచెమే. మా వాడు టార్పాలిన్ కప్పరా అంటే ఫోను చూసుకుంటా కూర్చున్నాడు. ఒరేయ్, నిన్నేరా! ఇటు రా!” అని అవతల ఎవర్నో కేకేస్తున్నాడు.

అంతలో నసీమా ముఖం మారింది. నాకు ముందు తెలియలేదు. ఆయన అరుపులు వింటున్నాను. వైరు చూస్తే కదిలినట్టే లేదు. నసీమా చెయ్యి కీబోర్డు వదిలి కార్డు మీదికి పోయింది, వేలితో వెతికి వైరు మొదలు పట్టుకుని గట్టిగా లోపలికి నొక్కింది. ఒకటి రెండు క్షణాలు. చెవిలో ‘సీ’ మని మళ్లీ మొదలైంది. అప్పుడర్థమైంది నాకు, అది ఆగిపోయిందని. నొక్కి చూడకముందే, ఏ మాటా పోకముందే, ఆ శబ్దం ఆగడం ఆమెకి తెలిసింది.

అవతల ఆయన తిట్లు ముగించాడు. “ఆఁ, ఇంతకీ తేజ ఎంతుంది? ఇవాళ తోలమంటావా, ఆగమంటావా?”

నసీమా బాణం నొక్కింది. ఆ గడిలో ఉన్నది ఒక్క ముక్క. మొదటి అక్షరం నుంచి పలికింది. ధర చెప్పింది. “తడిసిన కాయైతే ఇవాళ తోలొద్దండి. ఆరబెట్టుకుని రమ్మని రాసుంది ఇక్కడ,” అంది.

“మంచిదమ్మా. పాతాయన ఇంత వివరంగా చెప్పేవాడు కాదు,” అని పెట్టేశాడాయన.

నేను పైట కొంగుతో చేతులు తుడుచుకున్నాను. ఇంకా రోజంతా ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది. మళ్లీ ఒకసారి వైరు లూజయింది, మళ్లీ అలాగే తనే నొక్కుకుంది. సాయంత్రం కొట్టాయన ఫోను చేశాడు. నసీమా “ఆఁ... ఆఁ... సరేనండి” అంటోంది, ముఖంలో ఏమీ తెలియట్లేదు. పెట్టేశాక, “రేపు కూడా నాకే మళ్లిస్తారంట,” అంది. “ఎల్లుండి?” అంది మస్తాన్‌బీ. “ఎల్లుండి కూడానే అమ్మా!” కాశిం లేచి ముందు గదిలోకి పోయి మిషను వేశాడు. రోజంతా ఆగిన మిషను ఇల్లదిరేలా మోగింది. ఎవరం వద్దనలేదు.

తర్వాత లాప్‌టాప్ బాగుచేయించాం. వైరు గుచ్చే చోటు కూడా అతికించాను. నసీమా పాత కార్డునే ఉంచుకుంది.

ఈ సంగతి నాకు నేర్పింది వృత్తిలో ఎవరూ నేర్పలేదు. చూపులేనివాళ్ల కోసం సౌండ్ కార్డు ఎంచేటప్పుడు చేత్తో తిప్పే నాబు ఉందా, తగిలించగానే పలుకుతుందా అని చూస్తే సగమే అయినట్టు. మిగతా సగం ఊరుకుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు మా షాపుకి ఎవరొచ్చి కార్డు అడిగినా నేను పాట పెట్టను. తగిలించి, చేతులు కట్టుకుని కాసేపు కూర్చుంటాను. “ఏందమ్మా, పని చెయ్యదా?” అంటారు. “ఉండవయ్యా, పడుకుంటుందో లేదో చూస్తన్నా,” అంటాను. తర్వాత ఒక్క చిన్న మాట పలికిస్తాను. అది మొదలు నుంచి వినపడితేనే డబ్బాలో పెట్టి ఇస్తాను. ‘సీ’ మంటే నవ్వుకుంటాను.

ఇంతసేపూ నేను చెబుతుంటే టైపు చేసింది నసీమానే. “మొదటి నుంచి చదివించనా పిన్నీ?” అని అడుగుతోంది.

“ఉండు,” అన్నాను. “కాసేపు ఊరుకుని, అప్పుడు నొక్కు.”